ఆ బొటనవేలు ఎవరిదో నాకు తెలియదు

ఆ పీడీఎఫ్ తెరవగానే నా కంటపడింది ఒక బొటనవేలు. ఎడమచేతిది. గోరు అంచున పసుపు మరక. పుస్తకం మూసుకుపోకుండా పేజీ కింది మూలను అదిమి పట్టుకుంది. తర్వాతి పేజీలోనూ ఉంది, ఆ తర్వాతి దానిలోనూ ఉంది. మొత్తం 232 పేజీలు. ఎవరో ఇంట్లో ట్యూబులైటు కింద కూర్చుని, ఫోను కెమెరాతో ఒక్కొక్క పేజీ ఫొటో తీశారు. కొన్నిచోట్ల ఫోను నీడ అక్షరాల మీద పడింది. 118వ పేజీ మొదటిసారి మసకగా వచ్చినట్టుంది, దాన్ని మళ్ళీ తీసి పక్కనే పెట్టారు. వెనక అట్ట కూడా వదల్లేదు. వెల 180 రూపాయలు అని అచ్చువేసిన చోటు చక్కగా కనిపిస్తోంది.

ఆ పుస్తకం మేం వేసిందే. చిక్కడపల్లిలో రెండు గదుల్లో నడిచే చిన్న ప్రచురణ సంస్థ మాది. రచయిత ఎనభైకి దగ్గరపడిన బడిపంతులు. నలభై ఏళ్ళపాటు ఆయన రాసిన కథలు పాత పత్రికల కత్తిరింపులుగా ఒక రేకు పెట్టెలో ఉండేవి. వాటిని వరుసలో పెట్టి, టైపు చేయించి, మూడుసార్లు ప్రూఫులు దిద్ది, పుస్తకంగా తేవడానికి రెండేళ్ళు పట్టింది. వెయ్యి ప్రతులు వేశాం. నాలుగేళ్ళలో 640 అమ్ముడుపోయాయి. టెలిగ్రామ్ చానల్లో ఆ ఫైలును చూసినవారి సంఖ్య నేను చూసేసరికే 11 వేలు దాటింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఫిర్యాదు రాశాను. అట్ట, కాపీరైట్ పేజీ, రచయితతో మేం చేసుకున్న ఒప్పందం జతచేసి పంపాను. ఆరో రోజున ఆ చానల్లోంచి ఫైలు పోయింది. తొమ్మిదో రోజున ఇంకో చానల్లో తేలింది. అక్కడ రచయిత ఇంటిపేరు తప్పుగా రాసి ఉంది కాబట్టి నేను వెతికినా దొరికేది కాదు, పాఠకురాలు ఒకామె చూసి చెబితే తెలిసింది. దాని మీదా రాశాను. ఈలోగా అది వాట్సాప్ బృందాల్లోకి వెళ్ళిపోయింది. అక్కడ ఏ బృందంలో ఉందో, ఎవరి చేతిలో ఉందో బయటివాళ్ళకు తెలిసే దారి లేదు. మూడు నెలల్లో పదిహేడు ఫిర్యాదులు పంపాను. ఎక్కడ తెరిచి చూసినా అదే బొటనవేలు. ఆ మూడు నెలల్లో అచ్చుకు వెళ్ళాల్సిన మరో పుస్తకం ప్రూఫుల దగ్గరే ఆగిపోయింది.

అప్పటినుంచి ఇదే ఆలోచన. దొంగ పీడీఎఫ్‌లను ఆపడం మావల్లే కాదు, మాకంటే వందల రెట్లు పెద్దవాళ్ళ వల్ల కూడా కాదని నాకు నమ్మకం కుదిరింది. అలాగని చేతులు ముడుచుకుని కూర్చోవాలని అనను. మనం బలమంతా పెట్టాల్సిన చోటు వేరే ఉంది, అక్కడ మనం దాదాపు ఏమీ చేయడం లేదు. నా వాదన అంతా అదే.

చట్టం లేక కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత బతికినంత కాలం, పోయిన తర్వాత మరో 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా. 2013 నిబంధనల ప్రకారం మనం ఫిర్యాదు చేస్తే, ఆ ఫైలును ఉంచుకున్న సంస్థ 36 గంటల్లో దాన్ని అందుబాటులో లేకుండా చేయాలి. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ 21 రోజుల్లోగా మనం కోర్టు ఉత్తర్వు తెచ్చి ఇవ్వకపోతే దాన్ని తిరిగి తెరిచిపెట్టుకోవచ్చు. మా పుస్తకం 640 ప్రతులు అమ్మితే, అమ్మకందార్ల కమీషన్ పోను చేతికొచ్చింది 69 వేల చిల్లర. కాగితం, అచ్చు, బైండింగు ఖర్చులన్నీ అందులోవే. ఇందులోంచి వకీలుకు ఎంత ఇవ్వగలం? అదీ ఒక్క పుస్తకానికి, ఒక్క చానల్ మీద.

పోనీ కోర్టుకు వెళ్ళామే అనుకుందాం, ఎవరి మీద కేసు వేయాలి? పేరు తెలియని ప్రతివాదిని మన కోర్టుల్లో అశోక్ కుమార్ అంటారు. ఆ పేరు మీదే సినిమాల వాళ్ళు విడుదలకు ముందు ఉత్తర్వులు తెచ్చుకుంటూ ఉంటారు. డబ్బూ ఓపికా ఉన్నవాళ్ళు కొంత సాధించారు కూడా. పేరు మార్చుకుని మళ్ళీ పుట్టుకొచ్చే సైట్లకు కూడా పాత ఉత్తర్వే వర్తించేలా 2019లో ఢిల్లీ హైకోర్టు ఒక వెసులుబాటు ఇచ్చింది. 2020లో ఒక దినపత్రిక ఈ-పేపరును పంచుతున్న టెలిగ్రామ్ చానళ్ళ మీద ఉత్తర్వులిచ్చింది. 2022లో పోటీ పరీక్షల పుస్తకాలు రాసే అధ్యాపకురాలు ఒకరు వేసిన కేసులో, చానళ్ళు నడుపుతున్న వారి వివరాలు ఇవ్వాల్సిందేనని టెలిగ్రామ్‌ను ఆదేశించింది, వాళ్ళు ఇచ్చారు కూడా. ఈ తీర్పులను నేను చిన్నచూపు చూడను, ఆమె పట్టుదలకు చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ ఒక్కో పుస్తకాన్ని కొనేవాళ్ళు వెయ్యి మంది దాటని భాషా సాహిత్యానికి ఆ దారి అందేది కాదు.

పెద్దవాళ్ళ అనుభవమూ అంతే. పాటలు ఒకరికొకరు పంచుకోవడానికి 1999లో వచ్చిన నాప్‌స్టర్‌లో ఏ పాట ఎవరి దగ్గరుందో చెప్పే జాబితా కంపెనీ సర్వర్లలో ఉండేది. కాబట్టే 2001లో కోర్టు దాన్ని నిలిపివేయగలిగింది. అదే ఏడాది బిట్‌టొరెంట్ వచ్చింది. దానిలో ఫైలు ముక్కలుగా చీలి తిరుగుతుంది. ఒక ముక్క దించుకున్నవాడు ఆ క్షణం నుంచే ఆ ముక్కను ఇంకొకరికి పంచడం మొదలుపెడతాడు. అడిగేవాళ్ళు పెరిగేకొద్దీ ఇచ్చేవాళ్ళూ పెరుగుతారు. 2006లో స్టాక్‌హోం పోలీసులు పైరేట్ బే అనే టొరెంట్ సైటు సర్వర్లను ఎత్తుకెళ్ళినా కొద్ది రోజుల్లోనే ఆ సైటు తిరిగి తెరుచుకుంది. 2022 నవంబరులో అమెరికా అధికారులు దొంగ ఈ-పుస్తకాలు పంచే జెడ్-లైబ్రరీకి చెందిన రెండు వందలకు పైగా డొమైన్లను స్వాధీనం చేసుకున్నారు, దాన్ని నడిపారన్న ఆరోపణపై ఇద్దరు రష్యన్లు అర్జెంటీనాలో అరెస్టయ్యారు. 2023 ఫిబ్రవరికల్లా అది మళ్ళీ జనం ముందుకు వచ్చింది. వెనకటి దొంగ ముద్రణకు ఒక ప్రెస్సు కావాలి, గోడౌను కావాలి, పోలీసులు వెళ్ళి తలుపు తట్టడానికి ఒక చిరునామా ఉంటుంది. ఇప్పుడు ఆ చిరునామా ప్రతి జేబులోనూ ఉంది.

తాళాలు వేయవచ్చు కదా అంటారు. ఈ-పుస్తకం కొన్నవాడు దాన్ని ఇంకొకరికి పంపలేకుండా చేసే సాఫ్ట్‌వేర్ ఉన్నమాట నిజమే. కానీ చదవడానికి వీలైన ప్రతిదాన్నీ ఫొటో తీయడానికీ వీలవుతుంది. మా పుస్తకం అసలు ఈ-పుస్తకంగా లేనే లేదు. కాగితం మీద మాత్రమే ఉన్నదాన్ని, ఒక మనిషి ఒక సాయంత్రమంతా కూర్చుని, వేలితో అదిమిపట్టి పీడీఎఫ్ చేశాడు, లేదా చేసింది. తాళం వల్ల ఇబ్బంది పడేది డబ్బిచ్చి కొన్నవాడే. ఫోను మారిస్తే పుస్తకం తెరుచుకోదు, పాస్‌వర్డు మరిచిపోతే కొన్నది పోయినట్టే. దొంగ ప్రతి ఎక్కడైనా తెరుచుకుంటుంది. అమెరికాలో టోర్ అనే పెద్ద ప్రచురణ సంస్థ 2012లో తన ఈ-పుస్తకాలకు తాళాలు తీసేసింది. ఏడాది గడిచాక, దానివల్ల పైరసీ పెరిగిన జాడ ఏమీ కనిపించలేదని వాళ్ళే ప్రకటించారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆపలేం అంటున్నానంటే ఒప్పుకుంటున్నానని కాదు. 2025 నవంబరులో ఐబొమ్మ నడిపాడన్న ఆరోపణపై హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒకరిని అరెస్టు చేసినప్పుడు, సామాజిక మాధ్యమాల్లో అతన్ని వెనకేసుకొస్తూ ఎంతమంది రాశారో చూశాం. టికెట్ల ధరలు చూపించి, పాప్‌కార్న్ ధర చూపించి, అతను చేసింది మంచిపనేనని వాదించారు. ఆ వాదనను పుస్తకాల దగ్గరికి తెచ్చేవాళ్ళు ఒక్కసారి మా లెక్కల పుస్తకం చూడాలి. ఇక్కడ కోట్ల పారితోషికాలు లేవు, ధర పెంచి దండుకునేవాళ్ళు లేరు. తెలుగులో చాలా పుస్తకాలు రచయితలు సొంత డబ్బు పెట్టి వేసుకుంటున్నవే.

కిందటి డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన. మా స్టాలు దగ్గర ఒక పెద్దమనిషి పదిహేను నిమిషాలు నిలబడి ఈ కథల పుస్తకాన్నే తిరగేశాడు. ఒక కథ పూర్తిగా చదివాడు కూడా, ముఖంలో తెలిసిపోయింది. తర్వాత ఫోను తీసి ముందు అట్ట ఫొటో తీసుకుని, పుస్తకం జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టాడు. పక్కనున్న ఆవిడ, “తీసుకోండి, బాగుందంటున్నారుగా” అంది. “పీడీఎఫ్ దొరుకుతుందిలే” అన్నాడు. ఆయన చేతిలో అప్పటికే రెండు సంచుల పుస్తకాలున్నాయి. కొనలేని మనిషి కాదు, పుస్తకమంటే ఇష్టం లేని మనిషీ కాదు. నేను అక్కడే, మూడడుగుల దూరంలో ఉన్నాను. ఆ మాట అనడానికి గొంతు తగ్గించాలని కూడా ఆయనకు తోచలేదు. అంత మామూలు విషయం అయిపోయింది. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే.

దొంగ ప్రతుల వల్ల ప్రచారం వస్తుందని చెప్పే మిత్రులు నాకున్నారు. పంతులుగారికి సంగతి చెప్పినప్పుడు ఆయన మొదట సంతోషించిన మాట నిజం. “పదకొండు వేల మందే!” అన్నారు. మరుసటి వారం ఆయనే ఫోను చేసి, “మరి రెండో సంపుటం ఎప్పుడమ్మా?” అని అడిగారు. మిగిలిన 360 ప్రతులు కదిలితే తప్ప దానికి డబ్బు లేదని ఆయనకు చెప్పలేక, వేసవి తర్వాత చూద్దాం అన్నాను. పీడీఎఫ్ చూసిన పదకొండు వేల మందీ కొనేవారని నేను ఎప్పుడూ అనుకోలేదు. అందులో చాలామంది తెరిచి కూడా ఉండరు. నూటికి ముగ్గురు కొని ఉన్నా ఇంచుమించు సరిపోయేది. రెండో సంపుటంలో రావలసిన కథలు ఇంకా ఆ రేకు పెట్టెలోనే ఉన్నాయి.

ప్రచారం వస్తుందనే మిత్రులను పక్కన పెట్టి, నేను ఒక చానల్ నడిపే మనిషితో నేరుగా మాట్లాడాను. మాట్లాడానంటే, సందేశాలు పంపుకున్నాం. తిడుతూ మొదలుపెట్టాను. అవతలి నుంచి చాలాసేపు జవాబు లేదు. చివరికి వచ్చింది: “మేడమ్, మాది ఆదిలాబాద్ జిల్లా బోథ్ దగ్గర. ఇక్కడ మీ పుస్తకం ఎక్కడ కొనాలో చెప్పండి, నేనే కొంటాను.” నేను మా పుస్తకాలు దొరికే దుకాణాల పేర్లు పంపాను. అన్నీ హైదరాబాద్‌లో, విజయవాడలో. తపాలా ఖర్చు కలిపితే 180 రూపాయల పుస్తకం 240 అవుతుంది. “ఫోనులో చదువుకునేది లేదా?” అని అడిగాడు. లేదు. నా దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు.

ఎందుకు లేదో చెప్పాలి, ఎందుకంటే అసలు కథ ఇక్కడే ఉంది. 2016లో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి. ఆ జాబితాలో తెలుగు లేదు. కోట్లమంది మాట్లాడే భాషకు అంత పెద్ద దుకాణం తలుపు మూసి ఉంది. దానిమీద మన ప్రభుత్వాలూ, అకాడమీలూ, రచయితల సంఘాలూ గట్టిగా నిలదీసింది నేను చూడలేదు.

రెండోది మన అక్షరాల సంగతి. తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లతో తయారవుతాయి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం కనిపించేది ఇంగ్లీషు అక్షరాల స్థానంలో కూర్చుని. అందులోంచి ఒక పేరా తీసి ఫోనులో పెడితే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. ఏ ఫోనులోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయిగానీ, వత్తులు చెదిరిపోతాయి, దీర్ఘాలు పక్క అక్షరానికి అంటుకుంటాయి. ఫోను తెరకు తగ్గట్టు అక్షరం పెద్దదీ చిన్నదీ అయ్యే ఈపబ్ తయారుచేయాలంటే మొత్తం పుస్తకం మళ్ళీ ప్రూఫులు దిద్దాల్సిందే. నిజాయితీగా ఈ-పుస్తకం తేవడానికి మాకు రెండు నెలలు పడుతుంది. దొంగ ప్రతికి ఒక సాయంత్రం చాలు.

మూడోది, పాత పుస్తకాల సంగతి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద గంటలకొద్దీ వెతికి, వెన్ను ఊడిన ఒక పుస్తకం దొరికితే గుండెకు హత్తుకుని ఇంటికి తెచ్చుకున్న తరం మాది. ఇప్పటికీ ఎన్నో మంచి పుస్తకాలు అచ్చులో లేవు. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలు ఎవరైనా వేసుకోవచ్చు. శ్రీశ్రీ 1983లో పోయారు, ఆ హక్కులు 2043 చివరిదాకా ఉంటాయి. వీళ్ళ పుస్తకాలంటే ఎవరో ఒకరు వేస్తూనే ఉంటారు. ఆ స్థాయి పేరు రాని వందలమంది రచయితలు ఉన్నారు. వారసులు ఎక్కడున్నారో తెలియదు, అనుమతి అడగడానికి మనిషి దొరకడు, అనుమతి లేకుండా మాలాంటివాళ్ళు వేయలేరు. 2000 దశకంలో కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డిగారి చొరవతో మొదలై, మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా భాగం పంచుకున్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పనిలో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. కొన్నిటికి పేజీలు లేవు, కొన్ని తలకిందులుగా ఉన్నాయి, కొన్నిటికి హక్కుల అనుమతే లేదు. అయినా ఆ స్కాన్లు లేకపోతే నాకు కొందరు రచయితల పేర్లు కూడా తెలిసేవి కావు. నేను వాటిని దించుకున్నాను, చదివాను, ఇప్పటికీ చదువుతున్నాను. అలాంటి పుస్తకాన్ని దించుకున్నవారిని దొంగ అనడానికి నాకు నోరు రాదు.

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం చుట్టూ జిరాక్స్ దుకాణాలు ఉంటాయి. గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఒక పుస్తకం కొని, పదిమంది జిరాక్స్ తీసుకుని, స్పైరల్ బైండింగు చేయించుకుంటారు. గది అద్దె, మెస్సు, ఫీజు అన్నీ ఇంటినుంచి వచ్చే డబ్బులోంచే. ఢిల్లీ విశ్వవిద్యాలయం దగ్గరి ఒక జిరాక్స్ దుకాణం మీద మూడు విదేశీ ప్రచురణ సంస్థలు వేసిన కేసులో 2016లో హైకోర్టు ప్రచురణకర్తల వాదనను తోసిపుచ్చింది. కాపీరైట్ అనేది దైవదత్తమైన హక్కేమీ కాదని చెప్పింది. అది విశ్వవిద్యాలయ పాఠాల కోసం తీసిన ప్రతుల గురించిన తీర్పు, ప్రతి జిరాక్స్‌కూ వర్తించదు. కానీ నేను ఆ పిల్లల్నీ, పుస్తక ప్రదర్శనలోని పెద్దమనిషినీ ఒకే గాట కట్టలేను. అచ్చులో ఉండి, దొరుకుతూ, తన స్తోమతకు అందే పుస్తకాన్ని ఊరికే దించుకునేవాడితోనే నా తగాదా. వాడు దొరకడం లేదనే సాకు చెప్పకుండా చేయడం మన పని.

దీనికి ప్రభుత్వం చేయగలిగినది ఒకటుంది. మనందరం ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం మనకు ఉంది. 1891లో మొదలై, ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో నడుస్తున్న కేంద్ర గ్రంథాలయం ఉంది. ఆ డబ్బుతో గ్రంథాలయాలు కొత్త తెలుగు పుస్తకాలకు ఈ-ప్రతులు కొని, సభ్యత్వం ఉన్న ఎవరికైనా ఫోనులోనే రెండు వారాలకు అరువిస్తే, బోథ్ దగ్గరి కుర్రాడికి చానల్ పెట్టాల్సిన అవసరం సగం తీరిపోతుంది. రచయితకూ ఎంతోకొంత వస్తుంది. కాగితం పుస్తకాల కొనుగోళ్ళే ఏళ్ళతరబడి పెండింగులో పడుతున్నాయని తెలిసీ ఈ మాట అంటున్నాను. అడగకపోతే అది కూడా రాదు.

మావరకు మేం మొదలుపెట్టాం. మా పుస్తకాలు ఒక్కొక్కటిగా ఈపబ్ చేస్తున్నాం. తాళాలు లేవు. ధర 60 రూపాయలు. ఫోనులో డబ్బు పంపితే ఫైలు పంపుతాం. ఇప్పటికి మూడు పుస్తకాలు పూర్తయ్యాయి, ఎనిమిది నెలల్లో మూడూ కలిపి 410 పోయాయి. వాటిలో ఒకటి అప్పుడే చానళ్ళకు చేరింది కూడా, చూశాను. ఈసారి ఫిర్యాదు పత్రం నింపలేదు. చానల్ నడిపేవారికి రాసి, ఫైలు తీసేసి అట్ట బొమ్మ, మా నంబరు పెట్టమని అడిగాను. ముగ్గురిలో ఇద్దరు పెట్టారు. మూడోవారు నన్ను బ్లాక్ చేశారు. బోథ్ దగ్గరి కుర్రాడు మొదటి వారంలోనే మూడు పుస్తకాలకూ 180 రూపాయలు పంపాడు.

నాలుగోది పంతులుగారి కథలే. దానిది పెద్ద చిక్కు. ప్రెస్సుకు పంపిన ఫైలు ఉన్న హార్డ్ డిస్కు పాడైపోయింది. మిగిలిన పేజ్‌మేకర్ ఫైలు మూడో ప్రూఫు దిద్దుబాట్లకు ముందుది. మా డీటీపీ కుర్రాడు రాత్రిళ్ళు ఇంటి దగ్గర కూర్చుని పని చేస్తున్నాడు. నిన్న చూడ్డానికి వెళ్ళాను. తెరమీద కుడివైపు యూనికోడ్‌లోకి మారిన పాఠం, వత్తులు చెదిరిపోయి ఉంది. ఎడమవైపు పెద్దదిగా చేసి పెట్టుకున్న పేజీ, దాన్ని చూసి ఇటు దిద్దుతున్నాడు. కింది మూలన పసుపు మరకతో బొటనవేలు.

“అచ్చు పుస్తకం ఉంది కదా” అన్నాను.

“ఒళ్ళో పెట్టుకుంటే మూసుకుపోతోంది అక్కా. ఇదైతే తిన్నగా నిలబడుతుంది” అన్నాడు, తల తిప్పకుండా. 118వ పేజీ దగ్గర ఉన్నాడు. రెండోసారి తీసిన ఫొటో బాగుందని దాన్నే తెరిచాడు.